బడి గుమ్మంలో విశ్వవిద్యాలయం: హోషంగాబాద్ అనుభవం మీద ఒక పరిశీలన

1

ఉపాధ్యాయ శిక్షణ గురించి ఈ మధ్య ఏ ప్రభుత్వ పత్రం తిరగేసినా ఒక మాట తప్పకుండా ఎదురవుతోంది. ఆ మాట 'భాగస్వామ్యం'. విశ్వవిద్యాలయాలూ బడులూ చేయి చేయి కలిపి ఉపాధ్యాయుణ్ణి తయారు చేయాలట. 2012లో జస్టిస్ వర్మ కమిషన్ ఈ మాట చెప్పింది. శిక్షణ ఇచ్చే ప్రతి సంస్థకూ ప్రయోగశాలలాగా ఒక బడి అనుబంధంగా ఉండాలంది. 2014 నిబంధనలు బి.ఎడ్. చదువును రెండేళ్లు చేసి, అందులో ఇరవై వారాలు బడిలో గడపాలన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల కోర్సు ముందుకు తెచ్చి మళ్లీ అదే మాట చెప్పింది.

మాట మంచిదే. కాదనేవాళ్లెవరూ లేరు. కాదనేవాళ్లు లేని మాటనే విమర్శకుడు ముందుగా అనుమానించాలి. ఒక మాట అన్ని నోళ్లలోనూ ఒకే రకంగా పలుకుతున్నదంటే, దాని లోపల అర్థం అరిగిపోయి ఉండాలి, లేదా ఒకరి అర్థం మరొకరికి తెలియకుండా దాగి ఉండాలి. భాగస్వామ్యం అన్నప్పుడు భాగాలుంటాయి. ఎవరి భాగం ఎంత? ఎవరు చెబుతారు, ఎవరు వింటారు? తప్పు జరిగితే ఎవరు దిద్దుకుంటారు? ఈ ప్రశ్నలకు జవాబు లేని భాగస్వామ్యం పాలేరుకూ ఆసామికీ మధ్య ఉండే పొత్తు లాంటిది. పని ఒకరిది, పంట ఇంకొకరిది.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందీ కాదు. శిక్షణ కళాశాలలు మూడు రకాలుగా ఒంటరివయ్యాయని 1966లోనే కొఠారీ కమిషన్ రాసింది. విశ్వవిద్యాలయపు మేధా జీవితం నుంచి ఒంటరితనం, బడుల నుంచి ఒంటరితనం, ఒక కళాశాల నుంచి ఇంకో కళాశాలకు ఒంటరితనం. రోగం పేరు తెలిసి అరవై ఏళ్లయింది. మందు మాత్రం కాగితం మీదే ఉంది. కారణం ఏమిటి?

2

జవాబు వెతికే ముందు నా కళ్లతో చూసింది కొంత చెప్పాలి. నేను చాలా ఏళ్లు పల్లెటూరి ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పాను. ఏటా ఒక శిక్షణ కళాశాల నుంచి టీచింగ్ ప్రాక్టీసుకని పదిమంది, పన్నెండుమంది మా బడికి వచ్చేవాళ్లు. మా పీరియడ్లు వాళ్లకిచ్చేవాళ్లం. మాకు కాస్త విశ్రాంతి, వాళ్లకు పాఠాల లెక్క పూర్తి. ఇదీ ఒప్పందం.

ఒకసారి ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, "సార్, మా లెక్చరర్ రేపు వస్తున్నారు. ఈ పాఠం ఇవ్వాళ మీరు చెప్పకండి సార్, పిల్లలకి కొత్తగా ఉండాలి" అన్నాడు. సరేనన్నాను. మర్నాడు ఉష్ణం మీద పాఠం. చార్టులు గోడకెక్కాయి. ఆ చార్టులు నాకు తెలుసు, రెండేళ్ల కిందట ఇంకొకరు తెచ్చినవే. పాఠ్య పథకంలో ఒక గడి ఉంటుంది: ఉపాధ్యాయుడి ప్రశ్న. పక్కన ఇంకో గడి: ఆశించే జవాబు. పాఠం గడి తప్పకుండా నడుస్తోంది. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, చలికాలం పొద్దున్నే మా బావిలో నీళ్లు వేడిగా ఉంటాయి, ఎందుకు సార్?" అని అడిగాడు.

ఆ కుర్రవాడి ముఖంలో రక్తం లేదు. ఆ ప్రశ్నకు గడి లేదు. "అది తర్వాత చెప్పుకుందాం, కూర్చో" అన్నాడు. పర్యవేక్షకుడు రికార్డులో తరగతి నిర్వహణ బాగుందని రాసి, కారెక్కి వెళ్లిపోయాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను సంతకం పెట్టడానికి ఆ రికార్డులో ఒక్కటే చోటు, హాజరు పట్టీ.

తప్పు ఆ కుర్రవాడిది కాదు. ఆ పర్యవేక్షకుడిది మాత్రమే కూడా కాదు. నేనూ నోరు విప్పలేదు. మర్నాడు నా పీరియడులో ఆ ప్రశ్న ఎత్తుకోవచ్చు, ఎత్తుకోలేదు. సిలబస్ మిగిలి ఉంది. ముగ్గురం కలిసి ఒక పిల్లవాడి ప్రశ్నను కూర్చోబెట్టాం. కళాశాలకూ బడికీ మధ్య మన దగ్గర నడిచిన భాగస్వామ్యం ఇదే. ఇరవై రోజులున్న ఈ తంతును ఇరవై వారాలు చేస్తే మార్పు వస్తుందని ఎవరైనా అంటే నమ్మడం కష్టం. పొడవు పెరిగితే గుణం మారదు.

3

గుణం మారిన సందర్భం ఒకటి మన దేశంలోనే ఉంది. తెలుగు పాఠకులకు దాని పేరు తెలిసినంతగా దాని లోపలి సంగతి తెలియదు. అది మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఆ ఊరికి ఇప్పుడు నర్మదాపురం అని పేరు మార్చారు) 1972లో మొదలైన విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం.

మొదలుపెట్టింది రెండు చిన్న సంస్థలు. ఒకటి రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. రెండోది కిశోర్ భారతి. టాటా మౌలిక పరిశోధనా సంస్థలో పరిశోధన వదిలి పల్లెకు వచ్చిన అనిల్ సద్గోపాల్ దాన్ని స్థాపించాడు. రాష్ట్ర ప్రభుత్వం పదహారు మాధ్యమిక బడుల్లో ప్రయోగానికి అనుమతి ఇచ్చింది. గమనించవలసిన సంగతి ఒకటుంది. ఇవి ఏరి కోరి తెచ్చుకున్న ఆదర్శ పాఠశాలలు కావు. మామూలు సర్కారు బడులు. ప్రయోగశాల లేదు, చాలామంది ఉపాధ్యాయులు విజ్ఞానశాస్త్రం చదివినవాళ్లు కారు.

టాటా సంస్థ శాస్త్రజ్ఞులు తొలినాళ్లలోనే చేయూతనిచ్చారు. యశ్‌పాల్ అప్పుడు అక్కడే ఉన్నాడు. 1973 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు బృందంగా వచ్చి చేరారు. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పేవాడు పల్లెలో ఆరో తరగతి పాఠం కోసం సమయం వెచ్చిస్తే అదీ తన ఉద్యోగంలో భాగమేనని విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఒప్పుకుని ఫెలోషిప్పులు ఇచ్చింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాదు. మన విద్యాలోకంలో కులవ్యవస్థ లాంటిది ఒకటుంది. పరిశోధకుడు పైమెట్టు, కళాశాల అధ్యాపకుడు దాని కింద, హైస్కూలు మాస్టారు ఇంకా కింద, ప్రాథమిక పాఠశాల పంతులు అట్టడుగున. పైమెట్టువాడు కిందికి దిగితే మైల పడతాడు. ఆ మైలను ఇక్కడ అధికారికంగా తొలగించారు.

1978 నాటికి ఆ పదహారు బడుల పని జిల్లాలోని మాధ్యమిక బడులన్నిటికీ, అంటే రెండు వందలకు పైగా బడులకు, పాకింది. 1982లో ఈ పని నడపడానికి 'ఏకలవ్య' అనే సంస్థ ఏర్పడింది. ఢిల్లీలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా ఉండి ఆ ఉద్యోగం వదిలేసిన వినోద్ రైనా దాని స్థాపకుల్లో ఒకడు. 2002 నాటికి పదిహేను జిల్లాల్లో సుమారు వెయ్యి బడులు ఇందులో ఉన్నాయి.

4

మనం పుస్తకాలు చదివేవాళ్లం గనక ఈ కార్యక్రమపు పుస్తకాన్ని ఒక రచనగా చూద్దాం. దాని పేరు 'బాల్ వైజ్ఞానిక్'. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు మూడు భాగాలు.

మన విజ్ఞానశాస్త్ర వాచకాల్లో వాక్యం ఎలా ఉంటుంది? 'అంటారు', 'అందురు', 'అని నిర్వచించబడినది'. కర్త ఎవరో తెలియదు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎందుకన్నారు, అడగడానికి లేదు. కర్త లేని వాక్యం శాసనంలాంటిది. దాన్ని ఒప్పుకోవాలి, అప్పజెప్పాలి. మన పిల్లలు చిన్నప్పటి నుంచి నేర్చుకునేది విజ్ఞానశాస్త్రం కాదు, కర్త లేని వాక్యానికి తలొంచడం. రేపు పెద్దయ్యాక ధరలు 'పెరిగాయి' అన్నా, భూములు 'పోయాయి' అన్నా, ఎవరు పెంచారు, ఎవరు తీసుకున్నారు అని అడగకుండా ఉండేందుకు ఇది మంచి తర్ఫీదు.

'బాల్ వైజ్ఞానిక్'లో వాక్యానికి కర్త పిల్లవాడు. చూడు, కొలువు, పట్టికలో రాయి, పక్క జట్టు లెక్కతో పోల్చు, తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకోండి. తొలి ముద్రణల్లో నిర్వచనాలు దాదాపు లేవు. నలుగురు పిల్లలు ఒక జట్టు. జట్టు ప్రయోగం చేస్తుంది, ఫలితం రాసుకుంటుంది, తరగతి చర్చిస్తుంది. పుస్తకంలో ఖాళీలుంటాయి గనక పిల్లవాడు రాస్తే తప్ప ఆ పుస్తకం పూర్తి కాదు. సంభావ్యత లాంటి విషయాన్ని కూడా పాచికలు వేయించి, ఒక్కొక్కరి లెక్కలను కలిపి చూపించి చెప్పారు.

పరీక్షను కూడా అందుకు తగ్గట్టే మార్చారు. పిల్లలు పుస్తకం, తమ రాతలు పరీక్ష గదిలోకి తెచ్చుకోవచ్చు. ప్రయోగం కూడా పరీక్షలో భాగమే. కంఠస్థం చేసే అవసరం తీసేస్తే కాపీ కొట్టే అవసరం కూడా పోతుంది. మన దగ్గర పరీక్షల రోజుల్లో బడి చుట్టూ పోలీసుల్ని పెట్టే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి.

'సవాలీరామ్' అని ఒక కల్పిత వ్యక్తి ఉండేవాడు. పిల్లలు తమకు తోచిన ప్రశ్న ఏదైనా అతనికి ఉత్తరం రాయవచ్చు. జవాబు వచ్చేది. మా బడిలో బావినీళ్ల గురించి అడిగిన పిల్లవాడు హోషంగాబాద్‌లో పుట్టి ఉంటే ఒక కార్డు ముక్క చాలు.

5

అసలు విషయం పుస్తకం కూడా కాదు. ఆ పుస్తకం తయారైన పద్ధతి.

వేసవిలో మూడు వారాలు శిక్షణ. ఉపాధ్యాయులు నలుగురేసి జట్లుగా కూర్చుని పిల్లలు చేయవలసిన ప్రయోగాలే చేసేవాళ్లు. చేస్తున్నప్పుడు ప్రయోగం విఫలమయ్యేది. విశ్వవిద్యాలయపు మనిషి కూడా గబుక్కున జవాబు చెప్పలేని ప్రశ్న వచ్చేది. అప్పుడు అందరూ కలిసి మళ్లీ చేసి చూడాలి. బడులు తెరిచాక నెల నెలా ఉపాధ్యాయుల సమావేశం. ఏ పాఠం నడిచింది, ఏది నడవలేదు, ఎక్కడ వాక్యం అర్థం కాలేదు, ఏ వస్తువు దొరకలేదు, అన్నీ అక్కడికి రావాలి. బడికి వెళ్లి చూసే బృందం ఉండేది. ఈ మాటలన్నీ తర్వాతి ముద్రణలో పుస్తకాన్ని మార్చేవి. కొన్నేళ్లకు ఆ పల్లెటూరి ఉపాధ్యాయుల్లోంచే ఇతరులకు శిక్షణ ఇచ్చేవాళ్లు తయారయ్యారు.

ఇక్కడ విశ్వవిద్యాలయం ఇచ్చిందేమిటి, బడి ఇచ్చిందేమిటి? విశ్వవిద్యాలయం పద్ధతి ఇచ్చింది, ప్రశ్నను గట్టిగా పట్టుకునే క్రమశిక్షణ ఇచ్చింది. బడి వాస్తవాన్ని ఇచ్చింది. ఖరీదైన సూదుల బదులు తుమ్మముళ్లు పనిముట్లయ్యాయి. 1978లో అక్కడికి వచ్చిన ఇంజనీరు అరవింద్ గుప్తా సంతలో దొరికే సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి రేఖాగణిత రూపాలు కట్టడం మొదలుపెట్టాడు. త్రిభుజం ఎందుకు గట్టిగా నిలుస్తుంది, చతురస్రం ఎందుకు వంగిపోతుంది అన్నది పిల్లవాడి వేళ్లకే తెలిసింది. ఆ వాల్వు ట్యూబు ఏ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోనూ లేదు, వారపు సంతలో ఉంది. బయటి నుంచి వచ్చిన మనిషి ఆ సంతకు పోయి ఉండకపోతే అది శాస్త్రంలోకి వచ్చేది కాదు.

భాగస్వామ్యం అంటే ఇది. రెండు వైపులా మార్పు రావాలి. బడి మారి విశ్వవిద్యాలయం మారకపోతే దాన్ని సేవ అనవచ్చు, ఉద్ధరణ అనవచ్చు, పొత్తు అనడానికి వీల్లేదు.

మన చరిత్రలోనూ దీనికి పోలిక లేకపోలేదు. గత శతాబ్దం మొదట్లో విశాఖపట్నం ప్రాంతంలో బడుల తనిఖీ అధికారి జె. ఎ. యేట్స్ తరగతి గదిలో తెలుగు వాచకం విని, పిల్లల నోట ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష ఎందుకుందని అడిగాడు. ఆ ప్రశ్నను భుజానికెత్తుకున్నది పర్లాకిమిడిలో బడి పంతులు గిడుగు రామమూర్తి. ఆయన సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించినవాడు. బడి నుంచి పుట్టిన ఆ జ్ఞానానికి విశ్వవిద్యాలయాలు ఎలా స్వాగతం చెప్పాయి? ముందు తలుపులు వేసుకున్నాయి. వ్యావహారికానికి పరిశోధన గ్రంథాల్లో చోటు దొరకడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. కింది నుంచి పైకి వచ్చే జ్ఞానం అంటే మన పండితులకు ఎప్పుడూ అంత తేలికగా రుచించదు.

6

అయితే హోషంగాబాద్‌ను పొగిడి ఊరుకోవడం విమర్శ కాదు.

మొదటి సంగతి. ఆ కార్యక్రమం విజ్ఞానశాస్త్రపు తలుపు గుండా ప్రవేశించింది. అదే దాని బలం, అదే దాని హద్దు. గింజ ఎలా మొలుస్తుందో పిల్లవాడు పరీక్షించి చూశాడు. ఆ గింజ వేసిన పొలం ఎవరిది, పండిన పంట ఎవరింటికి పోతుంది అన్నది విజ్ఞానశాస్త్రపు పీరియడులోకి రాలేదు. ఈ లోటును నిర్వాహకులే గుర్తించి 1986 నుంచి కొన్ని బడుల్లో సాంఘిక శాస్త్ర బోధన మొదలుపెట్టారు. కానీ వెయ్యి బడుల్లో విజ్ఞానశాస్త్రం నడిస్తే, సాంఘిక శాస్త్రం వేళ్ల మీద లెక్కపెట్టే బడుల్లో ఆగిపోయింది. పువ్వును కోసి చూడమంటే ఒప్పుకునే ప్రభుత్వం సమాజాన్ని కోసి చూడమంటే అంత సులువుగా ఒప్పుకోదు.

రెండోది భాష. పుస్తకం తేలికపాటి హిందీలో ఉంది. కానీ ఆ ప్రాంతంలో గోండు, కోర్కూ ఇళ్లున్నాయి. ఇంట్లో వేరే మాట మాట్లాడే పిల్లవాడికి తేలిక హిందీ కూడా రెండో మెట్టే. మన సవర, కోయ, గోండు పిల్లల విషయంలో మనం చేస్తున్న తప్పుకూ దీనికీ పోలిక ఉంది. ఇతరుల లోపం చూసి మురిసిపోవడానికి మనకేమీ లేదు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది. ఈ కట్టడం మొత్తం ప్రభుత్వ అనుమతి అనే ఒక్క స్తంభం మీద నిలబడింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2002 జూలైలో, మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆ స్తంభం తీసేసింది. రాష్ట్రమంతటా ఉన్న పుస్తకమే ఇక్కడా ఉండాలన్నది వాదన. దేశంలోని పేరున్న శాస్త్రజ్ఞులు, విద్యావేత్తలు నిరసన తెలిపారు. ఉపాధ్యాయులు గొంతెత్తారు. ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? ఒక కారణం స్పష్టం. పిల్లవాడికి మార్కులు, పై తరగతి, ఉద్యోగం కావాలన్న తల్లిదండ్రుల ఆదుర్దా నిజమైనది. ఎనిమిదో తరగతి దాకా ప్రశ్నించడం నేర్చుకున్న పిల్లవాణ్ణి తొమ్మిదిలో మళ్లీ బట్టీ చదువులోకి తోస్తే, ఆ ఊళ్లో రైతు, కూలీ ఎవరిని తప్పుపడతారు? ఆ పైచదువును కాదు, కింది చదువునే. పై వ్యవస్థ మారకుండా కింద మూడు తరగతులు మారితే ఆ మూడు తరగతులే నేరం చేసినట్లు కనిపిస్తాయి. విశ్వవిద్యాలయం పల్లె బడికి వచ్చింది నిజమే. కానీ విశ్వవిద్యాలయపు ప్రవేశ పరీక్ష, అక్కడి పాఠం, అక్కడి బట్టీ అలాగే ఉన్నాయి. వచ్చింది కొందరు మంచి మనుషులు. సంస్థ రాలేదు.

7

ఇదే మాట బయటి దేశంలో ఇంకో రకంగా తిరగబడింది. 1987లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల సెకండరీ బడులతో ఒక ఏర్పాటు చేసుకుంది. శిక్షణార్థి ఏడాదిలో ఎక్కువ కాలం ఒకే బడిలో ఉంటాడు. అక్కడి ఉపాధ్యాయుడికి గురుస్థానం ఉంటుంది. విశ్వవిద్యాలయం చెప్పిన సిద్ధాంతాన్ని బడి అనుభవంతో, బడి అలవాటును సిద్ధాంతంతో పరీక్షించాలి. ఆలోచన ఉన్నతమైనది. అయిదేళ్లు తిరగకుండా, 1992లో, కన్సర్వేటివ్ ప్రభుత్వం సెకండరీ శిక్షణలోని ముప్పై ఆరు వారాల్లో ఇరవై నాలుగు వారాలు బడిలోనే గడవాలని శాసించింది. బడికి గౌరవమిచ్చినట్లే కనిపిస్తుంది. వెనక ఉన్న మాట వేరు: సిద్ధాంతం ఉపాధ్యాయుణ్ణి చెడగొడుతోంది, బోధన ఒక చేతిపని, పనిలో పడితే అదే వస్తుంది. విమర్శించే ఉపాధ్యాయుడు వద్దనుకున్న పాలకులకు బడి అనుభవం అనే మాట భలేగా పనికొచ్చింది.

కాబట్టి ఒకే నినాదం ఇద్దరు యజమానుల దగ్గర కొలువు చేయగలదు. బడిలో ఎన్ని వారాలు అన్నది ప్రశ్న కాదు. ఆ వారాల్లో ప్రశ్నించే హక్కు ఎవరికుంది అన్నదే ప్రశ్న.

మన సంగతికి వద్దాం. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో దాదాపు తొంభై శాతం ప్రైవేటు చేతుల్లో ఉన్నాయని వర్మ కమిషనే చెప్పింది. హాజరు అమ్ముడయ్యే చోట, రికార్డులు బజారులో రాయించుకునే చోట, ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ అంటే ఇరవై వారాల హాజరు అమ్మకమే. కొన్ని చోట్ల ఖాళీ పోస్టుల్లో జీతం లేని మాస్టారుగా శిక్షణార్థిని వాడుకోవడం కూడా నేను చూశాను. దానికీ భాగస్వామ్యమనే పేరు పెట్టారు.

ఏం చేయాలి? నా దృష్టిలో మూడు కొలబద్దలు పెట్టుకోవాలి. శిక్షణార్థి పాఠాన్ని విలువ కట్టేటప్పుడు ఆ తరగతి ఉపాధ్యాయుడి మాటకు సగం బరువు ఉందా? శిక్షణ కళాశాల అధ్యాపకుడు ఏడాదికి కొన్ని వారాలైనా అదే బడిలో, అదే పిల్లలకు తానే పాఠం చెబుతున్నాడా? బడిలో పుట్టిన ప్రశ్న వల్ల కళాశాల పాఠ్య ప్రణాళికలో ఒక్క వాక్యమైనా మారిందా? ఈ మూడింటికీ లేదని జవాబొస్తే, ఒప్పంద పత్రం మీద ఎన్ని సంతకాలున్నా అది పొత్తు కాదు. ఇవి అడగవలసింది ప్రభుత్వాన్ని మాత్రమే కాదు. ఉపాధ్యాయ సంఘాలు జీతభత్యాల పత్రంతో పాటు ఈ మూడు ప్రశ్నలు కూడా చేతిలో పట్టుకోవాలి. హోషంగాబాద్‌లో లేకపోయిన రెండో స్తంభం అదే.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. అతనికి నేను బాకీ ఉన్నాను. ఆ రోజు చేయవలసింది ఎంతో లేదు. ఒక ఉష్ణమాపకం, ఒక చేద, ఒక పుస్తకం. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి బావి నీళ్లు కొలవాలి. బయటి గాలినీ కొలవాలి. లోతైన బావిలో నీళ్లు ఏడాది పొడుగునా దాదాపు ఒకే తీరుగా ఉంటాయనీ, మారింది నీళ్లు కాదు, చుట్టూ ఉన్న గాలీ దానికి అలవాటుపడిన తన చెయ్యీ అనీ ఆ పిల్లవాడే తేల్చుకునేవాడు. తన ఒంటికి తోచిందే సత్యం కాదని, కొలిచి చూడాలని కూడా ఆ బావి దగ్గరే తెలుసుకునేవాడు. ఆ కుర్ర శిక్షణార్థి, ఆ పర్యవేక్షకుడు, నేను, ముగ్గురం ఆ బావి గట్టు మీద నిలబడి ఉంటే, అప్పుడు మా మధ్య భాగస్వామ్యం ఉందని అనేవాణ్ణి.